పిండిలో నల్లమచ్చ

చూపు పోయిన మంగతాయారుకు చిప్పు కళ్లు పెట్టి ఏడాదయింది. నెలనెలా వాటిని ఇంట్లోనే కంప్యూటరు పరీక్షిస్తుంది. మచ్చ తేలితే కళ్లు తీసి కంపెనీకి పంపాలి. అవి తిరిగొచ్చేదాకా మళ్లీ చీకటే.

పరీక్షకు మరకలేని తెలుపు కావాలి. ఊళ్లో చిప్పు కళ్లున్న అందరిలాగే ఆమె కూడా అప్పుడే రుబ్బిన అట్లపిండి గిన్నె మీదికి వంగి, రెప్ప వాల్చకుండా చూసింది.

"కుడివైపున నల్లమచ్చ ఉందండీ," అంది కంప్యూటరు.

మంగతాయారు కేక పెట్టింది. "హైమా! నా కళ్లు పాడయిపోయాయే!"

కోడలు పరుగున వచ్చి గిన్నెలోకి చూసి నవ్వేసింది. "మీ కళ్లకేం కాలేదత్తయ్యా! ఇది మినప్పొట్టు. నేనే సరిగ్గా కడగలేదు."

"ఇన్నేళ్లూ నాకెంత పొట్టు తినిపించావే!" అంటూనే మంగతాయారు చెయ్యి చాపి, ఆ పొట్టును అరచేతిలో పెట్టించుకుని, భక్తిగా కళ్లకద్దుకుంది.