ముసుగోడి మొహం

ఆట మొదలైన మరుక్షణం తెర నల్లబడింది.

తమ్ముడు మీట నొక్కాడు. మళ్ళీ నొక్కాడు. మానిటరు నెత్తిన అరచేత్తో ఒక్కటిచ్చాడు.

నలుపు నలుపుగానే ఉంది.

“ఏమైంది బాబూ?” వెనకనుంచి మెల్లగా అడిగాడు ఆ మనిషి.

తమ్ముడు గిర్రున తిరిగాడు.

అన్నదమ్ములిద్దరూ పాత కంప్యూటర్లు బాగుచేసే ఆ షాపులోకి ఆ మనిషి అంతకు కాసేపటి ముందే వచ్చాడు. యాభై దాటి ఉంటాయి. ముసుగువాడి కుస్తీ ఆట ఇక్కడ ఉందని విన్నానన్నాడు. “చివరిదాకా ఆడతారా? ఆ చివరిది నేనూ ఎప్పుడూ చూడలేదు” అన్నాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. తమ్ముడు స్క్రూడ్రైవరు కోసం అటు తిరిగేసరికి బల్ల మీది, ఆట బొమ్మలు చూపే గ్రాఫిక్స్ కార్డును చేతిలోకి తీసుకుని, పురిటిబిడ్డను చూసినట్టు చూస్తున్నాడు. తర్వాత ఆ కార్డునే తమ్ముడు కంప్యూటర్లో బిగించి ఆట పెట్టాడు.

“నువ్వు దాన్ని ముట్టుకున్నావు.”

“ఊరికే, చూద్దామని...”

“ముందు ఈ ఇనప పెట్టెను తాకావా?”

“ఎందుకు?”

ఆ షాపులో అది శాసనం. ఒంట్లోని కరెంటు ఇనుములోకి దిగాకే కార్డు మీద చెయ్యి వెయ్యాలి. లేదంటే కంటికి కనపడని చిన్న మెరుపు చాలు, చిప్పు మాడిపోవడానికి.

“ఎందుకా? చంపేశావు కదరా దాన్ని!”

మొదటి దెబ్బ చెంప మీద పడింది.

ఆ కార్డు కోసం అన్నదమ్ములు తిరగని చెత్త దుకాణం లేదు. చిన్నప్పుడు నాన్న బెల్టు పుచ్చుకున్నప్పుడల్లా ఇద్దరూ వాతలు తడుముకుంటూ ఆ ఆట ముందు కూర్చునేవారు. ముసుగోడు వాళ్ళ తరఫున అడ్డొచ్చిన ప్రతివాడినీ చితక్కొట్టేవాడు. ఆఖరి శత్రువు కూలాక వాడి చెయ్యి ముసుగు మీదికి వెళ్ళేది. సరిగ్గా అక్కడ వాళ్ళ కంప్యూటరు చేతులెత్తేసేది. ఆ దృశ్యం ఇలాంటి కార్డు ఉంటేనే కనపడుతుంది.

ఇప్పుడు అన్నకు చూపు పోతోంది. ఒక కన్ను పోయింది. రెండోది రేపో మాపో.

“ఇదీ ఆరిపోయేలోగా వాడి మొహం ఒక్కసారి చూపించరా” అన్నాడు అన్న, మొన్నొకనాడు. ఆయన అడిగింది అదొక్కటే.

“మాట్లాడవేం? నోరు పడిపోయిందా?” తమ్ముడు ఆ మనిషి కాలరు పట్టుకున్నాడు.

రెండో గుద్దుకు ఆ మనిషి పెదవి చిట్లింది. మూడోది పడబోతుంటే తమ్ముడి మణికట్టు పట్టుకున్నాడు.

ఉడుంపట్టు. తమ్ముడు ఎంత గింజుకున్నా చెయ్యి కదల్లేదు.

ఆ మనిషి తన పట్టును తానే ఒకసారి చూసుకున్నాడు. వదిలేశాడు.

వదిలేయడంతో తమ్ముడికి ఒళ్ళు తెలియలేదు. బల్ల మీద విడిగా పడున్న పాతకాలపు కీబోర్డు, రాతిపలకంత బరువుది, రెండు చేతులా ఎత్తి దవడ మీద కొట్టాడు. ఏదో చిట్లిన చప్పుడైంది. మీటలు రాలి గచ్చు మీద దొర్లాయి. కిందపడ్డవాణ్ణి డొక్కలో తన్నాడు. మళ్ళీ తన్నాడు.

“ఆపరా! ఎవర్రా అది?” లోపలి గదిలోంచి గోడ పట్టుకుంటూ వచ్చాడు అన్న. ఆయనకు కనపడింది రెండు నీడలు.

పక్క షాపు టైలరు టేపు మెడలో ఉండగానే పరిగెత్తుకొచ్చి తమ్ముణ్ణి వెనక్కి లాగాడు. “మనిషివా పశువువా? చచ్చిపోతాడ్రా!”

ఆ మనిషి నోటినిండా నెత్తురు. కళ్ళు మాత్రం నల్లటి తెర వైపే ఉన్నాయి.

టైలరు అతన్ని భుజాన వేసుకుని ఆస్పత్రికి తీసుకెళ్ళాడు.

“కార్డు చంపేశాడన్నయ్యా.”

“చచ్చిందని నీకెలా తెలుసు?”

“తెర మీద బొమ్మ రాలేదు.”

“వెనక చూశావా?”

అన్న కంప్యూటరు వెనక చెయ్యి పెట్టి తడిమాడు. అందులో రెండు కార్డులు. మామూలు బొమ్మకు ఒకటి, ఆటకు ఇంకొకటి. తెర వైరు ఆట కార్డులోకి వెళ్ళాలి.

అన్న వేళ్ళు ఆగిపోయాయి.

“వైరు మామూలు కార్డుకే గుచ్చావు కదరా, తెలివిమాలినవాడా! ఆట మొదలైతే ఇందులోంచి బొమ్మ ఎలా వస్తుంది?”

తమ్ముడు వంగి కంప్యూటరు వెనక చూశాడు.

“ఈ వైరు పెట్టింది ఎవరు? అతనా?”

“నేనే.” తమ్ముడు పిడికిలి మీది నెత్తురు ప్యాంటుకు తుడుచుకున్నాడు. “అయినా ముట్టుకోకూడదుగా.”

అన్న వైరు మార్చాడు. తెర భగ్గుమని వెలిగింది.

ఆస్పత్రికి పోదామన్నాడు తమ్ముడు. “పోదాం. పోయి కాళ్ళు పట్టుకుందువుగాని” అన్నాడు అన్న. “ముందు దీన్ని కానియ్. రేపటికి నా కన్ను ఉంటుందో లేదో.”

తమ్ముడు ఆడాడు. వేళ్ళు వాచి సలుపుతున్నాయి. తెర మీద ముసుగోడు ఒక్కొక్కణ్ణీ ఎత్తి కుదేస్తున్నాడు. ఎముకలు విరుగుతున్న చప్పుడు షాపంతా నిండింది. చిన్నప్పుడు ఆ చప్పుడుకు ఇద్దరూ ఈలలు వేసేవారు.

ఆఖరివాడు కూలబోతుండగా టైలరు తిరిగొచ్చాడు. చొక్కా నిండా మరకలు.

“దవడ రెండు ముక్కలైందట. పేరడిగితే చెప్పలేకపోయాడు పాపం. ఎవరి బిడ్డో ఏమో!”

తమ్ముడు తల తిప్పలేదు. తెర మీద ముసుగోడి చెయ్యి ముసుగు మీదికి వెళ్ళింది. ఈసారి నల్లబడలేదు. అందులో బొమ్మ కాదు, ఎవరో నిజం మనిషిని కెమెరాతో తీసి పెట్టారు.

అన్న ముక్కు తెరకు ఆనించాడు.

“అంతా మసగ్గా ఉందిరా. చెప్పు, ఎలా ఉన్నాడు మనవాడు?”

తమ్ముడి వేళ్ళు మీటల మీంచి జారాయి.

“చెప్పవేంరా?”

ముసుగు తీసి తెరలోంచి నవ్వుతున్నవాడు, దవడ ఇంకా విరగని, నిండు వయసులో ఉన్న ఆ మనిషే.