పోఖ్రాన్ కంచె దాకా

“నల్ల నువ్వుల పొట్లం ఏదమ్మా?”

శశికాంత్ సూట్‌కేసులోని బట్టలన్నీ సోఫా మీద కుమ్మరించాడు. సత్యవాణి వంటింట్లోంచి తొంగి కూడా చూడలేదు.

“వేయించి పొడి కొట్టాను.”

“పొడా? అవి తర్పణానికి తెచ్చినవి! నీకు చెప్పే కదా పెట్టెలో పెట్టాను?”

“పురుగు పట్టేట్టున్నాయి. తినేవాటిని ఎవరైనా పెట్టెలో దాచుకుంటారా?”

“నిన్ననే టెక్కా మార్కెట్లో కొన్నానమ్మా! ఒక్కరోజులో పురుగు పడుతుందా?”

“ఈ ఊరి ఉక్కకి ఏదైనా పడుతుంది.”

అరుంధతికి నవ్వొచ్చింది. “పోనీలెండి, మళ్లీ కొందాం. ఆ పొడి కాస్త ఇటివ్వండి అత్తయ్యా, దోసెల్లోకి బాగుంటుంది.”

“ఇంకేం, నువ్వూ ఆవిడ పార్టీయే!”

సింగపూరు బుకిట్ పంజాంగ్‌లోని ఆ ఫ్లాట్‌లో వారం రోజులుగా ఇలాంటి గొడవే. కిందటి డిసెంబరంతా వైటూకే భయంతో బ్యాంకు కంప్యూటర్లకు కాపలా కాసిన శశికాంత్‌కి ఈ ఏడాది సెలవు దొరికింది. ఇంటిల్లిపాదికీ రాజస్థాన్ టూరు పెట్టాడు: జైసల్మేర్ కోట, ఒంటెల స్వారీ, చివర్లో పోఖ్రాన్. రెండేళ్ల కిందటి అణుపరీక్షలతో ఆ ఎడారి ఊరి పేరు అందరి నోళ్లలోనూ పడింది. లోపలికి ఎవరినీ వెళ్లనివ్వరు. ఇంటర్నెట్‌లో దొరికిన ఓ టూరు ఏజెంటు మాత్రం జీపులో కంచె దాకా తీసుకెళ్లి, దూరంనుంచి చూపిస్తానన్నాడు.

టూరులో మిగతావాళ్లకి అదొక వింత. శశికాంత్‌కి అది తండ్రి పోయిన చోటు.

మల్లికార్జునరావు సైన్యంలో హవల్దారు. డెబ్బై నాలుగులో అక్కడే జరిగిన మొదటి అణుపరీక్ష కోసం ఎడారిలో గొయ్యి తవ్వుతూ పోయాడనీ, రహస్యమైన పని కాబట్టి వివరాలేవీ బయటికి రావనీ సత్యవాణి కొడుక్కి చెప్పింది. ఎవరి దగ్గరా నోరు జారనని ఒట్టు వేయించుకుంది. ఆ ఏడాదే చుట్టాలందరికీ దూరంగా మదనపల్లె చేరి, బడిలో టీచరు ఉద్యోగం చేస్తూ అతన్ని పెంచింది. ఇప్పుడు ఆ పరీక్షల సంగతి ప్రపంచమంతా చెప్పుకుంటున్నా ఆవిడ మాత్రం ఆ మాట ఎత్తదు.

“నానమ్మా, తాతయ్య ఫోటో ఇంకోటి లేదా? ఒన్లీ ఒన్, నాట్ ఇనఫ్ లా!” సింగపూరు ఇంగ్లీషు కలిపి అడుగుతూ మహతి నేలమీద పెద్ద అట్ట పరుచుకుని కూర్చుంది. సెలవుల్లో చేసుకురమ్మని బళ్లో ఇచ్చిన పని. మధ్యలో యూనిఫారంలో తాతయ్య, చుట్టూ రంగుపెన్సిళ్లతో వేసిన ఇసుకదిబ్బలు.

“ఉన్నది అదొక్కటే తల్లీ.”

“ఓకే లా. టూర్‌లో ఫెన్స్ ఫోటో తీసి పక్కన పెడతా.”

“దీన్ని బళ్లో అందరికీ చూపిస్తావా?”

“అఫ్‌కోర్స్! హోల్ క్లాస్!”

సత్యవాణి వంటింట్లోకి వెళ్లి, శుభ్రంగా ఉన్న స్టవ్వునే మళ్లీ తోమడం మొదలుపెట్టింది. అరుంధతి చూసీ చూడనట్టు ఊరుకుంది.

మధ్యాహ్నం మళ్లీ నువ్వుల కోసం బయల్దేరారు భార్యాభర్తలు. ఎల్‌ఆర్‌టీ రైల్లో శశికాంత్ కిటికీలోంచి చూస్తూ నెమ్మదిగా అన్నాడు.

“ఆయన పేరుమీద నేను గుక్కెడు నీళ్లు కూడా వదల్లేదు అరూ. చిన్నప్పుడు అడిగితే, తిథి తెలియకుండా పెట్టకూడదంది అమ్మ. తిథి తెలియనివాళ్లకి మహాలయ అమావాస్య ఉందని గుళ్లో పంతులుగారు చెప్పారు. తీరా ఆరోజు కళ్లు తిరుగుతున్నాయంటూ పడుకుంది. గుర్తుందిగా?”

“డాక్టరు ఏమీ లేదన్నాడు.”

“మరి?”

“అత్తయ్య బొట్టు చూశారా ఎప్పుడైనా? కళ్లతో చూడకుండా ఎలా తుడుచుకోనూ అన్నారు నాతో ఒకసారి. ఆవిడింకా ఎదురుచూస్తున్నారండీ. మీరు పిండం పెడితే ఆ ఎదురుచూపు కూడా పోతుంది.”

స్టేషన్ వచ్చాక శశికాంత్ లేస్తూ అన్నాడు. “ఆవిడ బాధ నాకు తెలుసు. కానీ దిక్కులేనివాడిలా ఆయన ఆ ఇసుకలోనే ఉండిపోవాలా?”

ఆ సాయంత్రం నలుగురూ భోజనానికి కూర్చున్నారు. శశికాంత్ పప్పుచారు కలుపుకుంటూ, తలెత్తకుండా చెప్పాడు.

“జోధ్‌పూర్ నుంచి పురోహితుణ్ణి మాట్లాడాను. కంచె దగ్గరే పిండం పెడుతున్నాను. నువ్వు వస్తే సంతోషం. రాకపోయినా నేను ఆగనమ్మా.”

“వెళ్లిరండి. ఒంటెలెక్కండి, ఇసుక చూడండి. ఆ ఒక్కటీ మాత్రం వద్దు.”

“ఎందుకొద్దు?”

“వద్దన్నాను కదా.”

“బళ్లో అందరూ మీ నాన్నేరీ అంటే, ఒట్టు వేశానని నోరు మూసుకున్నాను. ఒక్కసారైనా ఏడ్చేందుకు నాకో చోటు ఉండొద్దా?” అతను కంచం పక్కకి నెట్టేశాడు. మహతి బిత్తరపోయి చూసింది.

సత్యవాణి మనవరాలి తల నిమిరింది. “మహతీ, నువ్వు లోపలికెళ్లి బొమ్మ వేసుకో తల్లీ.”

పిల్ల లోపలికి వెళ్లి తలుపు వేసుకునేదాకా ఆవిడ ఆగింది.

“బతికున్న మనిషికి పిండం పెట్టకూడదు నాయనా.”

అరుంధతి కళ్లు నిండాయి. శశికాంత్ లేచి వచ్చి తల్లి భుజం మీద చెయ్యి వేశాడు. “ఇన్నేళ్లయినా ఇంకా ఆ ఆశేనా అమ్మా?”

సత్యవాణి అతని చెయ్యి పట్టుకుంది. “ఆశ కాదురా.”

“మరి?”

“మీ నాన్నగారు ఏలూరులో, రెండో భార్యతో ఉన్నారు.”