పొంతన చూసిన పెట్టె

ఈ ఉదయం మా పాలు చల్లబరిచే పెట్టె కొత్త ప్రోగ్రాం అడిగింది. వేయకపోతే మధ్యాహ్నానికి పాలు విరిగిపోతాయి. వేస్తే నాయనమ్మ వినికిడి యంత్రం ఆగిపోతుంది. రెండూ ఒకే ప్రోగ్రాంతో నడుస్తాయి, ఆ యంత్రానికేమో పాతదే కావాలి. కిందటిసారి నాయనమ్మ తొమ్మిది రోజులు ఎవరి మాటా వినలేకపోయింది.

ఊరి యంత్రాలకు రాత్రిళ్లు మేలుకుని ప్రోగ్రాములు రాసే అమ్మ విసిగిపోయి, “పొంతనకే వదిలేద్దాం నీరజా” అంది. ఏ యంత్రానికి ఏది సరిపోతుందో చూసి విడివిడిగా అమర్చే కొత్త సాధనం అది.

పొంతన పని మొదలుపెట్టిన కాసేపటికి పెట్టె చల్లబడింది. “అత్తా, ఇనపడతాందా?” అని అమ్మ మెల్లగా అడిగింది.

“ఇనపడతాంది లేమ్మా. పొద్దున్నించి నువ్వు పెట్టెను తిట్టినవి కూడా ఇనపడినాయి!”

పొంతన తయారుచేసినవాళ్లకు కృతజ్ఞతలు రాయమని నాకు చెప్పి, అమ్మ గోడకు ఒరిగింది. ఏం రాయాలో తెలియక, “మా అమ్మ నిద్రపోయింది” అని పంపాను.