బానెట్ మీద అరచేతులు

“దొంగ వెధవ. వాడి పాపం పండింది,” అన్నాడు కారాయన.

ఆయన ఇంటి ముందు రోడ్డు బాగా ఏటవాలుగా దిగి, లారీలు తిరిగే పెద్దరోడ్డులో కలుస్తుంది.

ఆ పెద్దరోడ్డుకి జానెడు ఇవతల కారు ఆగి ఉంది. ముందు చక్రం కింద ఒక పాత సైకిల్ నలిగి ఇరుక్కుపోయింది.

కారు కింద దొరికిన సైకిల్ మనిషి శవాన్ని నిన్న సాయంత్రమే తీసుకెళ్లారు. ఎవరో, ఎక్కడివాడో ఇంకా తెలియలేదు.

ఇవాళ కానిస్టేబుల్‌తో కలిసి ఒక పోలీసు అధికారిణి వచ్చింది. ప్రమాదం జరిగిన చోట ఆనవాళ్లు చూసి ఏం జరిగిందో చెప్పడం ఆమె ఉద్యోగం. స్టేషన్లో అందరూ జాడల మేడమ్ అంటారు.

“అసలేం జరిగిందండీ?” అడిగింది.

“తాళాలు కారుకే ఉంచి, ఒక్క నిమిషం ఇంట్లోకెళ్లాను. వీడు ఎక్కి బ్రేకు వదిలేసినట్టున్నాడు. కారు జారింది. దూకబోయి, కిందపడి చచ్చాడు.”

“లోపల ఇంకెవరూ లేరా?”

“లేరు.” జవాబు మరీ తొందరగా వచ్చింది.

ఆమె సైకిల్ పక్కన గొంతుక్కూర్చుంది.

“సీటు మీద గీతైనా లేదు. కారు తగిలినప్పుడు దీని మీద ఎవరూ లేరు. కావాలనే చక్రానికి అడ్డం పడేశారు.”

“ఎవరు మేడమ్?” అన్నాడు కానిస్టేబుల్.

ఆమె రోడ్డు మీద రెండు నల్లటి చారలు చూపించింది. పై నుంచి కారు ముందు దాకా పక్కపక్కనే వచ్చాయి.

“టైర్లవా?”

“చెప్పులవి. కాళ్లు తన్నిపెట్టి, వెనక్కి జారుతూ వచ్చాడు.”

“వెనక్కా? అంటే... మొహం కారు వైపు పెట్టి?” కానిస్టేబుల్ గొంతు తగ్గింది.

బానెట్ మీద దుమ్ములో రెండు అరచేతులు అచ్చుపడి ఉన్నాయి. వేళ్లన్నీ విచ్చుకుని.

ఆమె కారుకి ఎదురుగా నిలబడి, ఆ ముద్రలకి తగలకుండా తన చేతులు చాచింది.

వీపుకి ఎవరో ఆనుకుని, తనతోపాటు తోస్తున్నట్టు అనిపించింది.

ఆమె వెనక్కి తిరిగి చూడలేదు.

“పక్కకి తప్పుకుంటే బతికేవాడు. ఖాళీ కారు కోసం ఇంత పెనుగులాట ఎందుకు?”

చనిపోయినతను చూసినచోటి నుంచే ఆమె తలెత్తి చూసింది. అద్దంలోంచి వెనక సీటు సూటిగా కనిపించింది.

సీటు మీద ఒక చిన్న దిండు. ఒంటి బూటు, అరచెయ్యంత.

ఆమె కారాయన వైపు తిరిగింది. ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు.

“పాప నిద్రపోతోంది కదా అని వదిలి వెళ్లాను. మా ఆవిడకి తెలిస్తే ఊరుకోదని చెప్పలేదు. వాడు పిల్లనే ఎత్తుకుపోబోయాడనుకున్నా.”

“హ్యాండ్ బ్రేకు వేశారా?”

ఆయన తల దించుకున్నాడు.

అంతలో ఇంటి తలుపు తెరుచుకుంది. పాపని చంకనేసుకుని తల్లి మెట్లు దిగి వచ్చింది.

జాడల మేడమ్ చటుక్కున పక్కకి జరిగింది. కారు ముందు ఇప్పుడు ఎవరూ లేరు.

పాప అటే చూస్తూ చెయ్యి ఊపింది.

“ఎవరికి తల్లీ?” అంది మేడమ్.

“మామయ్యకి. ‘భయం లేదు బంగారం, నేను పట్టుకున్నాగా’ అన్నాడు.”

తర్వాత తండ్రి వైపు తిరిగింది.

“నాన్నా, పాపం చేతులు నొప్పెడుతున్నాయేమో, ఇంక వదిలెయ్యమని చెప్పవా?”