పచ్చగా ఉన్న తుంగ

కాలువల్లో ఏ రోజు కలుపు మందు కలుస్తుందో తెలియకుండా పోయాక, ఇంటింటి గుమ్మంలోకీ ఒక తుంగ కుండీ వచ్చి చేరింది. నీళ్లు పట్టగానే ముందు దానికో గ్లాసు పోయాలి. సాయంత్రానికి మొక్క వాడిపోతే ఆ నీళ్లు పారబోయాలి. ముప్పై ఏళ్లు రైతులకి తుంగ కలుపుని చంపడం నేర్పిన యూనివర్సిటీ ప్రసూన మేడమే ఇప్పుడు ఊరూరా తిరిగి తుంగ మొక్కలు పంచుతోంది.

నూకరత్నం మనవరాలికి వాంతులని విని ఆ రోజు ప్రసూన పరుగున వచ్చింది. గుమ్మంలో తుంగ నిగనిగలాడుతోంది. నీళ్ల వల్ల కాదన్నమాట! ప్రాణం కుదుటపడి, నూకరత్నం ఇచ్చిన గ్లాసెడు నీళ్లూ గటగటా తాగేసింది.

"పిల్లకెలా ఉంది?"

"పది రోజులుగా మంచం దిగలేదండి. ఏం తిన్నదో ఏమో. నీళ్లు మాత్రం బంగారమండి, తుంగ చూడండి ఎలా ఉందో!"

ప్రసూన వంగి ఆకు తడిమింది. తను పంచింది మెత్తటి సన్నాకు. ఇది మోటుగా, చెయ్యి కోసుకునేలా ఉంది.

"ఇది నేనిచ్చిన మొక్కేనా రత్నమ్మా?"

"అది ఉత్త నాజూకు సరుకండి, రెండ్రోజులకోసారి చచ్చేది. విసుగొచ్చి మా చేలో తుంగ తెచ్చి పాతాను. ఎంత మందు కొట్టినా చావదండి అది."

ప్రసూన తను తాగేసిన ఖాళీ గ్లాసు వంక చూసింది.

"ముచ్చటపడి ఊరంతా దీని పిలకలే పట్టుకెళ్లారండి," అంది నూకరత్నం సంబరంగా. "ఇంకో గ్లాసు ఇమ్మంటారా?"