ఎవరి గుండె చప్పుడు

"మూడోసారి అడుగుతున్నా పెద్దమ్మా. బిడ్డ గుండె ఆడుతోందా లేదా?" అన్నాడు ఐవిండ్.

తోరున్ వంగి, సిగ్నే పొట్ట మీద చెక్క గొట్టం ఆనించి, దాని రెండో కొసకు చెవి నొక్కిపెట్టి, మోకాళ్ల మీద అలాగే ఉండిపోయింది. ఆ దీవి మొత్తానికి ఆమె ఒక్కతే మంత్రసాని. సిగ్నేకు ఎనిమిదో నెల. పొద్దుటి నుంచి బిడ్డ కదలడం లేదని ఆమె మొగుడు ఐవిండ్ ఫోను చేస్తే, తోరున్ గాలికి ఎదురు నడిచి వచ్చింది. గుండె చప్పుడు వినిపించే మిషన్ మరమ్మతుకని సముద్రం దాటి వెళ్లింది. రెండు రోజులుగా పడవలు లేవు కనుక అది తిరిగి రాలేదు. మిగిలింది ఈ పాతకాలపు గొట్టమే.

చప్పుడైతే వినబడుతూనే ఉంది. హుష్... హుష్... హుష్.

తోరున్ తన మణికట్టు మీద రెండు వేళ్లు పెట్టి చూసుకుంది. నాడి ఎలా కొట్టుకుంటే చెవిలో అలా. వెంట్రుకవాసి తేడా లేదు. అది సిగ్నే కడుపులోది కాదు. అన్నం తింటున్నా, బట్టలు ఆరేస్తున్నా, దిండు మీద తల వాల్చినా మూడేళ్లుగా వదలని తన చప్పుడే. మొదట్లో అది కుడి చెవిలోనే ఉండేది. ఎడమ చెవితో నెట్టుకొచ్చింది. ఈ చలికాలం నుంచి రెండింట్లోనూ అదే మోత.

"ఉంది కదూ?" అంది సిగ్నే. దుప్పటి అంచు ఆమె పిడికిట్లో నలిగిపోతోంది.

ఉందని ఒక్క మాట అంటే చాలు. ఇంటికి పోయి పడుకోవచ్చు. తోరున్‌కి పడుకోవాలని ఎంతగానో ఉంది. బిడ్డ గుండె ఆడకపోతే మాత్రం రక్షణ పడవను పిలవాలి. ఈ గాలిలో దాన్ని బయటికి తీయడమంటే నలుగురి ప్రాణాల మీదికి తేవడమే.

ఆమె గొట్టం తీసేసింది.

"నాకు వినబడటం లేదమ్మా."

సిగ్నే మొహంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది.

"భయపడకు. లోపం బిడ్డలో అని కాదు. నా చెవుల్లో. నా గుండె చప్పుడే నాకు రోజంతా హోరుమని వినబడుతూ ఉంటుంది. దాని వెనక ఇంకేదీ అందడం లేదు."

"ఎన్నాళ్ల నుంచి?" అన్నాడు ఐవిండ్.

"మూడేళ్లు."

"మూడేళ్లుగా చెవుల్లో సముద్రాన్ని పెట్టుకుని మా ఆడవాళ్ల కడుపులు చూస్తున్నావా? ఎవరికీ చెప్పకుండా?"

"మిషన్ ఉంది కదా అనుకున్నాను. తప్పే. తీరిగ్గా తిడుదువుగానిలే. ముందు ఇలా కూర్చో."

"నేనా?"

"పడవ ఇంజను దగ్గితే ఏ గొట్టం మూసుకుందో చెప్పే చెవులు కదరా నీవి. కూర్చో."

తోరున్ చేతులతో సిగ్నే పొట్ట అంతా తడిమి, బిడ్డ వీపు ఎటుందో చూసి, అక్కడ గొట్టం నిలబెట్టింది. ఐవిండ్ చెవి ఆనించాడు.

"ఏమీ లేదు."

"ఊపిరి బిగబట్టు." గొట్టాన్ని రెండు వేళ్ల మేర కిందికి జరిపింది.

"ఏమీ లే... ఆగు."

"ఏం విన్నావో అలాగే మంచం పట్టె మీద వేలితో కొట్టు. మాట్లాడకు."

ఐవిండ్ వేలు టకటకా కొట్టడం మొదలుపెట్టింది. తోరున్ అతని రెండో మణికట్టు పట్టుకుంది. అతని నాడి భయంతో పరుగెడుతోంది గానీ, వేలు దానికంటే వేగంగా ఉంది. అంటే వేలు కొడుతున్నది అతని గుండె కాదు. గడియారం చూసి పావు నిమిషం లెక్కపెట్టింది. ముప్ఫై అయిదు.

"నిమిషానికి నూట నలభై," అంది. "బంగారంలా ఉంది."

అంతలో కడుపులోంచి ఒక్క తన్ను. గొట్టం ఎగిరి ఐవిండ్ చెవికి తగిలింది. అతను చెవి పట్టుకున్నాడు. సిగ్నే నవ్వబోయి భోరుమంది. అతను కిందే కూర్చుని ఆమె పాదాలు పట్టుకుని చాలాసేపు లేవలేదు.

తోరున్ వాళ్లని వదిలేసి వంటింట్లోకి వెళ్లి, తనే కాఫీ వంచుకుని తాగింది. కోటు తొడుక్కుంటుంటే ఐవిండ్ గొట్టం పట్టుకుని వచ్చాడు.

"ఇవాళే ఆసుపత్రికి రాసేస్తాను," అంది తోరున్. "నా బదులు ఇంకొకరిని పంపమంటాను. ఇక నావల్ల కాదు."

అతనికి కోపం ఇంకా పూర్తిగా పోలేదు.

"డాక్టరుకి చూపించుకోలేదా?"

"ముగ్గురికి. చెవిలో లైటు వేశారు, తలకి ఫోటోలు తీశారు. ఏమీ లేదన్నారు. మూడో ఆయనైతే, ఇంట్లో ఒక్కరే ఉంటారా అని అడిగాడు."

"చెవి పెట్టి విన్నారా మరి?"

"వినడానికేముంది? నాకు తప్ప ఎవరికి వినబడుతుంది?"

"ఎటు వైపు ఎక్కువ?"

ఆమె విసుగ్గా కుడి చెవి వెనక చూపించింది. ఐవిండ్ ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, నెరిసిన జుట్టు పక్కకు తీసి, చెవి వెనక ఎముక మీద గొట్టం ఆనించాడు. ఊపిరి బిగబట్టాడు. తోరున్ కళ్లు మూసుకుంది. నిమిషం గడిచింది. అతను కదల్లేదు.

"చాల్లే, వదులు," అంది. "పడుకోవాలి నేను."

ఐవిండ్ గొట్టం తీయలేదు. అతని వేలు కుర్చీ చేతి మీద, ఆమె చెవిలో మోగుతున్న లయలోనే, కొట్టడం మొదలుపెట్టింది.

"పెద్దమ్మా," అన్నాడు మెల్లగా. "ఈ మోత పెట్టుకుని ఇన్నాళ్లూ ఎలా పడుకున్నావు?"