శాపం కాదమ్మా

స్నానాల గదిలో లైటు స్టాండు దానంతట అదే ఒరిగి పడింది.

ఎవరికీ దెబ్బ తగల్లేదు. అయినా ఆ రోజుకి షూటింగు సాగలేదు.

కొండల్లో మూతపడిన ఆ వేడినీటి బుగ్గల సత్రంలో దయ్యం సినిమా రెండో భాగం తీస్తున్నారు. చచ్చిపోయిన ఒకామె అద్దం ముందు కూర్చుని తల దువ్వుకుంటూ ఉంటుంది. ఆ దువ్వెన చప్పుడు విన్నవాళ్ళు ఎంతోకాలం బతకరు. అదీ శాపం.

మొదటి భాగంలో ఆ వేషం వేసిన నటి తొమొయె. సినిమా విడుదలైన కొద్దిరోజులకే ఈ కొండదారిలో పోయింది. ఎదురుగా వచ్చిన లారీ గీత దాటి ఆమె కారు మీదికి వచ్చేసింది. ఎండ కాస్తున్న ఉదయం, ఖాళీ రోడ్డు. శాపం నిజంగానే తగిలిందని పత్రికలు రాశాయి. జనం నమ్మారు. నమ్మి, ఇంకోసారి టిక్కెట్టు కొనుక్కున్నారు.

ఇప్పుడా వేషం షియోరికి వచ్చింది. ఆమెకి దొరికిన మొదటి పెద్ద వేషం.

షూటింగు మొదలుపెట్టే ముందు పూజారిని పిలిచి శుద్ధి చేయించారు. దయ్యాలు దరిచేరకుండా గుమ్మాల పక్కన ఉప్పు కుప్పలు పోశారు. అయినా ఆమెకి అన్నం సయించడం లేదు. పొడుగాటి విగ్గు తలకి పెడుతుంటేనే చేతులు చల్లబడేవి.

ఆ మధ్యాహ్నం సత్రం వెనక మెట్ల మీద ఒంటరిగా కూర్చుంది. ఊరివాళ్ళ గుంపులో నిలబడే వేషానికి వచ్చిన ఒక ముసలాయన సోయా ముద్దతో కాచిన వేడి మిసో సూపు గిన్నె తెచ్చి పక్కన పెట్టాడు. పేరు కజితాని. వంగిపోయిన మనిషి, మాట మెల్లన.

“ఆవిడ శాపం తగిలి పోలేదమ్మా. ఆ లారీ డ్రైవరు కునుకు తీశాడు. అంతే.”

“మీకెలా తెలుసు?”

“తెలుసు.”

షియోరి మొహం తిప్పుకుంది. తొమొయె చావు గురించి అందరికీ తెలుసు. మేకప్ ఆవిడకి తెలుసు, వంటాయనకి తెలుసు, ఒక్కొక్కరిదీ ఒక్కో కథ.

మర్నాడూ వచ్చాడు. అదే మాట. ఆ తర్వాతా అంతే. ఓదారుస్తున్నట్టు కాదు, బతిమాలుతున్నట్టు చెప్పేవాడు.

సహాయ దర్శకుడు మినెగిషికి చెబితే నవ్వాడు. తొమొయెకి ఇలాంటి పిచ్చి అభిమానులు చాలామంది ఉండేవాళ్ళట. ఈయన ఆమె సమాధి దగ్గర తచ్చాడుతుంటే చూసినవాళ్ళు కూడా ఉన్నారట.

ఈసారి ఆయన గిన్నెతో రాగానే షియోరి లేచి నిలబడింది.

“అసలు ఆవిడకి మీరేమవుతారు?”

కజితాని గిన్నె మెట్టు మీద పెట్టాడు.

“ఏమీ కానమ్మా.”

“అయితే ఆ గోలంతా మీకెందుకు? దయచేసి ఇంక నా దగ్గరికి రాకండి.”

షియోరి వెళ్ళి మినెగిషితో చెప్పింది. సాయంత్రంలోగా ఆయన్ని పంపించేశారు. ఎందుకని ఆయన అడగలేదు. వేషం బట్టలు మడతపెట్టి ఇచ్చాడు. షియోరి ఉన్న గది వైపు తిరిగి నడుం వంచి నమస్కరించి, బస్సెక్కాడు.

విచిత్రం, ఆ తర్వాతే ఆమె భయం తగ్గింది. తల దువ్వుకునే దృశ్యం తీసే రోజున అద్దం ముందు కూర్చుంటే మళ్ళీ వణుకు మొదలవబోయింది. అంతలో కునుకు తీసిన డ్రైవరెవరో మనసులో మెదిలాడు. అలసిపోయిన ఓ మామూలు మనిషి. చెయ్యి నిలకడగా ఆడింది. దర్శకుడు రెండోసారి చెయ్యమనలేదు.

సినిమా పూర్తయింది. విడుదలకి ముందు ప్రచారం చూసే కుసకబె ఆమెని పక్కకి పిలిచి, షూటింగులో ఏదో జరిగిందని విలేకరులతో చెప్పమన్నాడు. ఏమీ జరగలేదంది. ఏదో ఒకటి అనిపించే ఉంటుంది కదా అన్నాడు.

మైకులు మొహం మీదికి వచ్చాక షియోరి చెప్పేసింది. అద్దం ముందు కూర్చుంటే వెనకనుంచి ఎవరో జుట్టు పట్టుకున్నారంది. తొమొయె గారేనేమో అని కూడా అంది.

మర్నాడు ఏ పత్రిక చూసినా అదే. హాళ్ళు నిండాయి.

ఆ అబద్ధం మాత్రం షియోరికి అరగలేదు. ఒక ఉదయం ఎవరికీ చెప్పకుండా తొమొయె సమాధికి వెళ్ళింది.

అక్కడ ఒక పెద్దావిడ రాతి మీద నీళ్ళు పోసి తుడుస్తోంది. తాను తొమొయె తల్లినని చెప్పింది. షియోరిని గుర్తుపట్టింది. పత్రికలో చదివిన మాట మాత్రం ఎత్తలేదు. జరిగి చోటిచ్చి, అగరొత్తులు వెలిగించి అందించింది.

దండం పెట్టుకున్నాక షియోరి ఆ ముసలాయన సంగతి ఎత్తింది. శాపం కాదని మాటిమాటికీ చెప్పేవాడని, తానే పంపించేయించానని ఒప్పుకుంది. ఆయన తొమొయె గారి నాన్నేమో అనిపిస్తోందని, క్షమించమని అడగాలని ఉందని అంది.

“వాళ్ళ నాన్న దాని చిన్నప్పుడే పోయాడు. నువ్వు చెప్పేది కజితాని గారు. నెలనెలా ఇక్కడికొచ్చేవాడు. మొదట్లో ఆయన తెచ్చిన పూలు తీసి అవతల పారేసేదాన్ని.” ఆవిడ తడిబట్ట పిండి ఆరేసింది. “మీ షూటింగు అయ్యాక, పోయిన చలికాలం ఆయనా పోయాడు.”

షియోరి సమాధి వైపు తిరిగి మళ్ళీ చేతులు జోడించింది.

“కునుకు సంగతి కోర్టులోనే తేలింది. నిద్రమత్తని రాస్తే పత్రికలెవరు కొంటారు? పత్రికలవాళ్ళు ఆయన చుట్టూ ఎంత తిరిగారో. శాపమేనని ఒక్క మాట అంటే మీ బరువు దిగిపోతుందన్నారు. నేనూ శాపమే అనుకుని మనసు రాయి చేసుకుందామనుకున్నాను. ఆయన ఒప్పుకోలేదు. నాతో చివరిదాకా నిజం చెప్పింది ఆయనొక్కడే.”

ఆయనకెందుకంత పట్టుదల అని అడిగింది షియోరి.

తల్లి ఆమె వైపు జాలిగా చూసింది.

“ఆ లారీ నడిపింది ఆయనేనమ్మా.”